ముందు యాక్సిల్ కారితే తొలి అనుమానం సీలు మీద వద్దు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు తగ్గుముఖం పట్టాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఏజెన్సీ దారుల్లో తిరిగి వచ్చిన బళ్ళ గురించే ఉంటాయి. ఈసారి వాటిలో చాలా భాగం ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళ ముందు యాక్సిల్ (ముందు చక్రాల ఇరుసు) చుట్టూ తిరిగాయి కనుక, మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, చోటంతా ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకటిగా కుదించాను.

ప్రశ్న: నా దగ్గర 2008 నాటి జిప్సీ ఉంది. నెలకు రెండుసార్లయినా అనంతగిరి, చింతపల్లి వైపు మట్టిదారుల్లో తిప్పుతాను. ఏడాదిగా ఎడమ ముందు చక్రం లోపలి వైపు నుంచి నల్లటి ద్రవం కారుతోంది. రెండుసార్లు సీలు (ఆయిలును ఆపే రబ్బరు వలయం) మార్పించాను. రెండుసార్లూ నెలన్నర తిరగకుండానే మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక మెకానిక్ "హౌసింగ్ (యాక్సిల్ బయటి గొట్టం) వంగి ఉంటుంది, పైన ట్రస్ (బలం కోసం అతికే ఉక్కు రేకు) వెల్డింగ్ చేయిద్దాం" అంటున్నారు. సీలుకూ ట్రస్‌కూ సంబంధం ఏమిటి? చేయిస్తే ఏ పని ముందు, ఏ పని వెనుక? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మీ మెకానిక్ అన్న మాటలో నిజం ఉండే అవకాశం ఉంది కానీ, వెల్డింగ్ మిషన్ ముట్టుకునే ముందు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. అవి చూడకుండా ట్రస్ వేయిస్తే, వంకరగా ఉన్న హౌసింగ్‌ను వంకరగానే బిగించి శాశ్వతం చేసినట్లవుతుంది.

ముందుగా, కారుతున్నది ఏమిటో వేలితో తీసి చూడండి. మీ బండి ముందు యాక్సిల్‌లో రెండు వేర్వేరు గదులు ఉన్నాయి. మధ్యలో ఇంజన్ శక్తిని చక్రాల వైపు మళ్ళించే క్రౌన్, పినియన్ పళ్ళచక్రాలు తిరిగే గదిలో గేర్ ఆయిల్ ఉంటుంది. చివర, చక్రం మలుపు తిరిగే చోట, నునుపైన ఉక్కు గోళం మీద నకిల్ (చక్రాన్ని మోసే దిమ్మ) అటూ ఇటూ కదులుతుంది. ఆ గోళం లోపల మలుపు కీలు ఉంటుంది, దానికి కావలసింది మాలిబ్డినం కలిపిన చిక్కటి గ్రీజు. ఈ రెండు గదుల నడుమ గోడలా నిలిచేది గొట్టం చివర, చక్రాన్ని తిప్పే షాఫ్టు చుట్టూ కూర్చునే లోపలి ఆయిల్ సీలు. గోళం వెనుక భాగాన ఫెల్టు, రబ్బరు, రేకు ముక్కలతో ఉండే బయటి సీలు మట్టిని తుడిచి బయట ఉంచడానికీ, గ్రీజును లోపల నిలపడానికీ పెట్టినది. అది పల్చటి ఆయిలును ఆపలేదు, ఆపాలని ఎవరూ దాన్ని తయారు చేయలేదు.

కనుక వేలికి తగిలింది చిక్కటి గ్రీజయితే బయటి సీలు అరిగింది, అంతకు మించి కంగారు లేదు. చింతపండు పులుసులా జారుతూ, గేర్ ఆయిల్ ఘాటు వాసన కొడుతుంటే లోపలి సీలు దాటి ఆయిల్ గోళంలోకి వచ్చి గ్రీజును కరిగిస్తోంది. మీరు రాసిన వర్ణన చూస్తే మీది ఈ రెండో రకమే. ఇందులో రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి: క్రౌన్ ఆయిల్ తగ్గుతుంది, మలుపు కీలు మీది గ్రీజు కొట్టుకుపోతుంది. అది పాకి బ్రేకు డిస్కును తాకితే మూడో నష్టం ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు కొత్త సీలు నెలన్నరలో ఎందుకు పోతోందో వెతకాలి. మొదట చూడవలసింది అన్నిటికన్నా చవకైనది, హౌసింగ్ మీద ఉండే బ్రీదర్. బండి నడిచినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, అది బయటికి పోవడానికి ఉన్న ఏకైక దారి ఈ చిటికెన వేలంత గొట్టం. ఎర్రమట్టి, ఆయిలు కలిసి దాని నోరు మూసేస్తే, గాలి తన దారి తాను వెతుక్కుని సీలు పెదవి మీదుగా ఆయిలును తోసుకుంటూ పోతుంది. బ్రీదర్ విప్పి నోటితో ఊది చూడండి. దాంతో పాటు ఆయిల్ మట్టం చూడండి: సమతల నేల మీద నింపే రంధ్రం అంచుకు సరిగ్గా ఉండాలి. "దూరం పోతున్నాం కదా, కాస్త ఎక్కువే ఉండనీ" అని జాకీ మీద ఒక పక్క ఎత్తి నింపేవాళ్ళను నేను చూశాను. బండి పక్కకు ఒరిగి నడిచే దారిలో ఆ అదనపు ఆయిలంతా పల్లపు వైపు గొట్టంలోకి చేరి, ఆ వైపు సీలును గంటల తరబడి ముంచి ఉంచుతుంది.

రెండోది నకిల్ ఆట, అంటే వదులు. చక్రాన్ని నేల నుంచి లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఆడుతుంటే, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట మాయమైతే అది వీల్ బేరింగ్‌ది. తొక్కినా ఆడుతుంటే, నకిల్‌కు పైనా కిందా ఉండి అది తిరగడానికి ఆధారమయ్యే కింగ్‌పిన్ బేరింగ్‌లది, అంటే నకిల్ తన గోళం మీద నిలకడగా కూర్చోవడం లేదు, బయటి సీలు ఒక పక్క నలుగుతోంది, మరో పక్క వదులవుతోంది. ఈ బేరింగ్‌ల బిగువును షిమ్‌లు అనే పల్చటి రేకు బిళ్ళలు తీసి సరిచేస్తారు. స్ప్రింగ్ త్రాసును రెండు చక్రాలనూ కలిపి తిప్పే టై రాడ్ తగిలించే చోట కట్టి లాగి, నకిల్ ఎంత బరువుకు కదులుతుందో సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చి చూడాలి. ఈ కొలత బయటి సీలు బిగించక ముందే తీసుకోవాలి, లేకపోతే సీలు రాపిడి కూడా లెక్కలో కలిసిపోతుంది.

మూడోది షాఫ్టు. సీలు పెదవి ఏళ్ళ తరబడి ఒకే చోట రాసుకున్న షాఫ్టు మీద సన్నని గాడి పడుతుంది. గోరుతో అడ్డంగా గీయండి, గోరు ఆగితే గాడి ఉన్నట్లే. అటువంటి షాఫ్టు మీద ఎంత ఖరీదైన సీలయినా నెల మించి నిలవదు. సీలు కూర్చునే గూడులో చోటుంటే రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవిని కొత్త చోటికి జరపవచ్చు, లేదా పల్చటి ఉక్కు తొడుగు ఎక్కించవచ్చు. కొట్టేటప్పుడు సుత్తితో నేరుగా అంచుల మీద కొట్టకుండా, సీలు బయటి అంచుకు సరిపోయే గొట్టం ముక్క పెట్టి కొట్టాలన్నది అందరికీ తెలిసినదే. అయినా నా దగ్గరికి వచ్చే పాత సీళ్ళలో సగానికి అంచు మీద సుత్తి గాటు కనబడుతుంది.

ఈ మూడూ బాగానే ఉండి సీలు పోతుంటే, అప్పుడు హౌసింగ్ వంపును అనుమానించాలి. గొట్టం వంగితే షాఫ్టు సీలుకు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి తిరుగుతుంది, పెదవి ఒక వైపు నలిగి అరుగుతుంది, ఎదుటి వైపు ఖాళీ పడుతుంది. మీరు మార్పించిన పాత సీలు ఇంకా పారెయ్యకపోతే దాని పెదవిని వెలుతురులో పెట్టి చూడండి. చుట్టూ సమానంగా అరిగితే ఒక కథ, నెలవంకలా ఒక పక్కే అరిగితే వేరే కథ. మీ ప్రశ్నకు జవాబు ఆ పాత సీలులోనే ఉండవచ్చు.

వంపును ఇంటి దగ్గరే స్థూలంగా చూడవచ్చు. సిమెంటు నేల మీద బండి నిలిపి, మేస్త్రీలు వాడే గుండు దారాన్ని చక్రం ముందు వేలాడదీసి, రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దారం నుంచి దూరం కొలవండి. ఈ బళ్ళలో చక్రం పైభాగం కొద్దిగా బయటికి వాలి ఉండాలి. లోపలికి వాలి ఉంటే హౌసింగ్ చివర్లు పైకి లేచాయన్న మాట. కచ్చితంగా తేల్చుకోవాలంటే షాఫ్టులు, క్రౌన్ బయటికి తీసి, లేత్ మీద తిప్పించిన నాలుగు బిళ్ళలను, ఒక్కోదానికి మధ్యలో రెండు మిల్లీమీటర్ల రంధ్రంతో, రెండు గొట్టాల లోపలి చివర్లలోనూ బయటి చివర్లలోనూ బిగించి, వాటి గుండా సన్నటి నైలాను దారం లాగి కట్టాలి. మన చేపల రేవు పక్కన దుకాణాల్లో దొరికే వల దారం దీనికి చక్కగా సరిపోతుంది. లోపలి బిళ్ళల రంధ్రం అంచును దారం తాకకుండా పోతే గొట్టం తిన్నగా ఉంది. పై అంచుకు రాసుకుంటుంటే ఎంత వంగిందో కళ్ళ ముందే కనబడుతుంది.

ఇక ట్రస్ సంగతి. బండి గుంతలో దబ్బున పడినప్పుడు నేల రెండు చక్రాలనూ పైకి తోస్తుంది, బండి బరువు కమాన్ కట్టల (ఆకు స్ప్రింగుల) మీదుగా యాక్సిల్‌ను కిందికి నొక్కుతుంది. తిరగేసిన కావడి బద్దలా రెండు చివర్లూ పైకి లేస్తాయి. రెండు కట్టల నడుమ ఈ వంపు ఒత్తిడి అత్యధికం. మధ్యలో క్రౌన్ కోసం ఉబ్బిన భాగం పెద్దది కనుక తట్టుకుంటుంది, ఆ ఉబ్బు సన్నబడి గొట్టంగా మారే చోట, కట్ట కూర్చునే పీట పక్కన, వంపు పడుతుంది. రెండో బలహీనత గోళాన్ని గొట్టానికి అతికిన వెల్డు దగ్గర. పెద్ద టైర్లు వేసిన బళ్ళలో ఈ రెండో చోటే ముందు లొంగడం నేను ఎక్కువగా చూశాను.

కాబట్టి ట్రస్ అంటే ఉబ్బు మీదుగా ఒక పీట నుంచి మరో పీట దాటేదాకా సాగే నిలువు రేకు. దీనికి మందం కన్నా ఎత్తు ముఖ్యం: నిలువుగా నిలబెట్టిన రేకు ఎత్తు రెట్టింపైతే వంగకుండా నిలిచే దృఢత్వం ఎనిమిది రెట్లవుతుంది, మందం రెట్టింపు చేస్తే రెండు రెట్లే అవుతుంది. 5 మిల్లీమీటర్ల మెత్తటి ఉక్కు రేకు చాలు. అది చదరపు మీటరుకు దాదాపు 39 కిలోలు తూగుతుంది కనుక, పది మిల్లీమీటర్ల పలక వేయించి గర్వపడేవాళ్ళు స్ప్రింగుల కింద వేలాడే బరువును అనవసరంగా పెంచుకుంటున్నారు. అయితే ఎత్తుకూ హద్దు ఉంది: కట్టలు పూర్తిగా అణిగినప్పుడు ట్రస్ పైఅంచు ఇంజన్ ఆయిల్ సంప్‌కు (అడుగు తొట్టికి) తగలకూడదు. అట్ట కత్తిరించి నమూనా చేసి, బంప్ స్టాపు (స్ప్రింగు అణుగుదలను ఆపే రబ్బరు దిమ్మ) తాకేదాకా జాకీతో యాక్సిల్‌ను లేపి చూసుకున్నాకే రేకు కొయ్యాలి. రేకు చివర్లు నిట్టనిలువుగా ఆగిపోకుండా ఏటవాలుగా సన్నబడాలి, లేకపోతే బలమైన భాగం ఆగి బలహీనమైనది మొదలయ్యే గీత దగ్గరే గొట్టం కొత్తగా వంగుతుంది.

వెల్డింగ్ వరుస గురించి నా తప్పే చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక స్నేహితుడి బండికి ట్రస్ పెట్టి, సాయంత్రంలోగా ఇచ్చేయాలన్న తొందరలో, ఒక చివర నుంచి మరో చివరకు ఏకబిగిన వెల్డు లాగేశాను. చూడడానికి ముచ్చటగా వచ్చింది. మర్నాడు చల్లారిన హౌసింగ్‌లోకి షాఫ్టు దూరుస్తుంటే చివరి నాలుగు అంగుళాలు బలవంతంగా తొయ్యవలసి వచ్చింది. వెల్డు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, పై భాగంలోనే వెల్డు పడింది కనుక పై భాగమే కుంచించుకుని రెండు చివర్లనూ పైకి లాగేసింది. ఏ వంపు రాకూడదని ట్రస్ వేశానో, ఆ వంపునే నా చేత్తో తెచ్చాను. దాన్ని సరిచేయడానికి గొట్టం అడుగు భాగాన వేడి పట్టీలు వేసి రెండు రోజులు కూర్చున్నాను.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ముందు వంపును సరిచేయాలి, దారంతో కొలవాలి. క్రౌన్‌ను మోసే క్యారియర్‌ను, లేదా పాడైన పాత క్యారియర్‌ను, బోల్టులతో బిగించి ఉంచాలి, అప్పుడు ఉబ్బు నోరు వంకర తిరగదు. గోళం దగ్గర గసెట్లు (మూలకు అతికే బలపు ముక్కలు) వేస్తుంటే కింగ్‌పిన్ బేరింగ్ గూళ్ళలో పాత బేరింగ్ కప్పులు (బయటి వలయాలు) కొట్టి ఉంచాలి. వెల్డు అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా, ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి, ముందు వైపు ఒకటి, వెనుక ఒకటిగా వేసుకుంటూ, పక్కన చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే మళ్ళీ అక్కడికి రావాలి. నీళ్ళు చల్లడం నిషిద్ధం. మధ్య మధ్య దారం లాగి చూడాలి. హౌసింగ్ బండి కిందే ఉండగా వెల్డు చేయవలసి వస్తే బ్యాటరీ తీగలు విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డు పక్కనే హౌసింగ్ మీద పెట్టాలి. ఎక్కడో ఛాసిస్‌కు తగిలిస్తే కరెంటు బేరింగ్ రోలర్ల గుండా పోయి వాటిని మచ్చలు పడేలా కాలుస్తుంది. గసెట్టు అంచు బయటి సీలు దారికి అడ్డం రాకుండా, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడడం మరవకండి.

వెల్డింగ్ రాడ్ల విషయంలో విశాఖ గాలి మనకు శత్రువు. బాధ్యత గల వెల్డరు ఈ పనికి 7018 రాడ్డు అడుగుతారు. అది తేమను పీల్చుకునే పూత ఉన్న రాడ్డు. మన సముద్రపు గాలిలో విప్పిన ప్యాకెట్టును అటక మీద పెట్టి నెల తర్వాత వాడితే వెల్డులో సన్న రంధ్రాలు పడతాయి, గోళం వంటి గట్టి ఉక్కు మీద అయితే తేమలోని హైడ్రోజన్ చేరి, పని ముగిసిన గంటల తర్వాత కూడా పగులు రావచ్చు. కొత్త ప్యాకెట్టు కొనండి, లేదా 300 నుంచి 350 డిగ్రీల పొయ్యిలో మళ్ళీ ఎండబెట్టే వసతి ఉన్న చోటికి వెళ్ళండి. ఓడల పనిలోనో ఉక్కు పనిలోనో చేసి రిటైరైన వెల్డర్లు ఈ ఊళ్ళో తక్కువేం లేరు, వాళ్ళకు ఈ సంగతి మీరు చెప్పనక్కరలేదు.

సీళ్ళు అన్నిటికన్నా చివర. వెల్డు వేడికి రబ్బరు మాడుతుంది కనుక కొత్త సీళ్ళను ముందే ఎక్కించి వెల్డు చేయడం డబ్బును పొయ్యిలో వేయడమే. వెల్డు రవ్వలు, గ్రైండర్ పొడి గొట్టంలో ఒక్క రేణువు మిగలకుండా గుడ్డ గుచ్చిన కర్రతో రెండు వైపుల నుంచీ తుడిచి, డీజిల్‌తో కడిగి, ఆరబెట్టాక లోపలి సీలు పెట్టండి. దాని పెదవి ఆయిల్ ఉన్న వైపు చూడాలి, పెదవికి ముందే గ్రీజు రాయాలి, షాఫ్టు దూర్చేటప్పుడు దాని చివరి స్ప్లైన్ పళ్ళు పెదవిని గీయకుండా షాఫ్టు బరువును రెండో మనిషి చేత మోయించాలి.

ప్రశ్న: పాడేరు దగ్గర గెడ్డ (వాగు) దాటి వచ్చిన రెండు రోజులకు ముందు క్రౌన్ ఆయిల్ విప్పితే చిలికిన మజ్జిగలా తెల్లగా వచ్చింది. సీళ్ళన్నీ వేసవిలోనే కొత్తవి వేయించాను. నీళ్ళు ఎలా దూరాయి? (ఒక పాఠకురాలు, పెందుర్తి)

జవాబు: మీ సీళ్ళు మంచివే అయ్యుండవచ్చు. సీలు పెదవి లోపలి ఆయిల్‌ను లోపలే ఉంచడానికి ఆ వైపుకు తిరిగి ఉంటుంది, బయటి నుంచి నీరు లాగబడితే దాన్ని ఆపే శక్తి దానికి తక్కువ. ఇక్కడ నీరు లాగబడింది. ఘాట్ ఎక్కి వచ్చిన యాక్సిల్‌లో గాలి 60 డిగ్రీల వేడిలో ఉందనుకోండి. గెడ్డలో దిగగానే అది 25 డిగ్రీలకు చల్లబడితే లోపలి ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది. పదో వంతు అంటే చిన్నదిగా తోస్తుంది కానీ, అది దాదాపు ఒక మీటరు లోతు నీరు నొక్కినంత బలం. బ్రీదర్ తెరిచి ఉండి అదే నీటిలో మునిగి ఉంటే నీరు దాని గుండానే వస్తుంది, మూసుకుపోయి ఉంటే సీళ్ళ గుండా వస్తుంది.

దీనికి మందు చవకైన పనే. బ్రీదర్ మూతను తీసి, ఆయిల్ తట్టుకునే రబ్బరు గొట్టాన్ని దాని మొనకు క్లిప్పుతో బిగించి, యాక్సిల్ పూర్తిగా కిందికి దిగినప్పుడు కూడా గుంజుకోనంత వదులు ఇచ్చి, బానెట్ కింద ఎయిర్ క్లీనర్ అంత ఎత్తుకు తీసుకుపోయి, చివర పెట్రోలు ఫిల్టరు ఒకటి తలకిందులుగా కట్టండి. గొట్టం దారిలో ఎక్కడా కిందికి సంచిలా వేలాడకూడదు, అక్కడ ఆయిల్ చెమ్మ చేరి మూతలా అడ్డుపడుతుంది. వెనుక యాక్సిల్‌కూ, గేరు బాక్సుకూ, ట్రాన్స్‌ఫర్ కేసుకూ (రెండు యాక్సిళ్ళకూ శక్తిని పంచే పెట్టెకూ) ఇదే ఏర్పాటు చేయించుకోండి. ఇక గెడ్డ ముందు ఆగి పది పదిహేను నిమిషాలు బండిని చల్లారనివ్వడం ఏ ఖర్చూ లేని జాగ్రత్త. లోతు నడిచి చూసుకోవడానికి ఎలాగూ ఆ సమయం కావాలి.

ఇప్పుడున్న మజ్జిగను వెంటనే దించేయండి. కొత్త ఆయిల్ పోసి ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పి, వేడిగా ఉండగానే దించి, తెలుపు ఛాయ ఉంటే మూడోసారి కూడా మార్చండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. గోళాల లోపల గ్రీజులో చేరిన నీరు ఎవరికీ గుర్తుండదు, ఆరు నెలల తర్వాత కింగ్‌పిన్ కింది బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకుంటే స్టీరింగ్ మీద నిందపడుతుంది. పల్లంలో ఉండేది కింది బేరింగే కనుక నీరు నిలిచేది అక్కడే. గోళాలు విప్పించి, పాత గ్రీజంతా తీయించి, బేరింగ్‌లు చూసి, కొత్త గ్రీజు పెట్టించండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత మహీంద్రా జీపును నిలబెట్టుకుంటున్నాను. ముందు యాక్సిల్ మధ్య భాగం పోత ఇనుములా ఉంది, గొట్టాలు వేరుగా దిగి ఉన్నాయి. జిప్సీకి వేసినట్లే దీనికీ ట్రస్ వేయవచ్చా? (ఒక పాఠకుడు, మద్దిలపాలెం)

జవాబు: అదే పద్ధతిలో వేయకూడదు. జిప్సీ హౌసింగ్ నొక్కి మలిచిన ఉక్కు రేకు, దాని మీద మామూలు వెల్డు పడుతుంది. మీ జీపులో మధ్య భాగం పోతపోసినది. దానిలోకి ఉక్కు గొట్టాలను బలంగా దిగగొట్టి, రంధ్రాల గుండా వెల్డు బొట్లు పెట్టి నిలిపారు. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, చల్లటి పోత మీద వేడి వెల్డు పడితే దాని పక్కన గాజులా పెళుసుబారిన పొర ఏర్పడి, చల్లారేటప్పుడు టిక్కుమని చప్పుడు చేస్తూ పగులుతుంది. ఆ చప్పుడు విన్నవాళ్ళు మరచిపోరు.

ముందుగా మీ యాక్సిల్‌కు ఉన్న అసలు జబ్బు వంపా, తిరుగుడా చూడండి. ఈ తరహా యాక్సిల్‌లో బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు, రాళ్ళలో చక్రం ఇరుక్కున్నప్పుడు, గొట్టం పోతలో తిరగడానికి చూస్తుంది. గొట్టం పోతలోకి దిగే చోట శుభ్రంగా తుడిచి, రెండిటి మీదుగా తెల్ల రంగుతో ఒక సన్న గీత గీయండి. నెల రోజులు మీ దారుల్లో తిప్పి చూడండి. గీత తెగి రెండు ముక్కలు పక్కకు జరిగితే గొట్టం తిరిగింది. ఆ చోటే చెమ్మగా ఆయిల్ ఊరుతుంటే అది కూడా అదే కథ చెబుతుంది, సీలు లేని చోట కారుతున్న ఆ ఆయిల్‌ను సిలికాన్ పూసి ఆపాలని చూడకండి.

గొట్టం తిరిగి ఉంటే, ముందు దాన్ని సరైన కోణానికి తెచ్చి, తర్వాత చుట్టూ వెల్డు చేయించాలి. తిరిగిన గొట్టాన్ని అలాగే వెల్డు చేస్తే క్యాస్టర్ కోణం (నకిల్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) రెండు వైపులా వేర్వేరుగా నిలిచిపోయి బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. పోతకు ఉక్కును అతకడానికి నికెల్ రాడ్డు వాడాలి, భాగాన్ని 200 నుంచి 300 డిగ్రీల దాకా సమంగా వేడి చేసుకోవాలి, చిన్న చిన్న ముక్కలుగా వేసి, ప్రతి ముక్కనూ వేడిగా ఉండగానే చిన్న సుత్తితో సున్నితంగా తట్టాలి, చివరకు ఆస్బెస్టాస్ కాని వేడి దుప్పటిలో చుట్టి, లేదా పొడి ఇసుకలో కప్పి, రాత్రంతా నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇంత వేడిలో లోపల ఏ బేరింగూ, ఏ సీలూ ఉండకూడదు.

పైన ట్రస్ కావాలనుకుంటే, గొట్టాలకు మాత్రమే వెల్డు చేసి, పోత మీదుగా తాకకుండా వంతెనలా దాటించే నమూనా మేలు. నా మటుకు నేను మీకు ట్రస్ సలహా ఇవ్వను. జీపును అసలు సైజు టైర్లతో, మర్యాదగా నడిపితే గొట్టం వెల్డు సరిపోతుంది, ఆ డబ్బుతో కింగ్‌పిన్ బేరింగ్‌లు, యు-బోల్టులు (యాక్సిల్‌ను కమాన్ కట్టలకు బిగించేవి) కొత్తవి వేయించండి.

ప్రశ్న: భీమిలిలో ఉంటాను. బండి వారానికి నాలుగు రోజులు సముద్రం ఒడ్డునే ఉంటుంది. ముందు గోళాల మీద తుప్పు మచ్చలు వచ్చి కొత్త ఫెల్టు సీళ్ళు కూడా చిరిగిపోతున్నాయి. సీలు మీద సిలికాన్ పూస్తే నిలుస్తుందా? (ఒక పాఠకుడు, భీమునిపట్నం)

జవాబు: కదలని రెండు ముఖాల మధ్య సిలికాన్ పనిచేస్తుంది, జారే గోళం మీద పూస్తే రెండు మలుపుల్లో ఊడి, ఉండలు కట్టి, సీలు కిందికే చేరి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. కింగ్‌పిన్ మూతల కింద, క్యారియర్ ముఖానికి పల్చగా వాడండి, అది కూడా ముఖాలు ఆయిల్ లేకుండా తుడిచాకే.

మీ సీళ్ళను చింపుతున్నది తుప్పు మచ్చల గరుకుతనం. సన్న ఎమెరీ కాగితంతో నునుపు చేసి, గుంటలు మిగిలితే లోహపు పుట్టీతో నింపి మళ్ళీ నునుపు చేయండి. గుంట గోరంత లోతైతే ఈ ఉపాయం కూడా నిలవదు, హౌసింగ్ మార్చుకోవలసిందే. ఫెల్టును పొడిగా బిగించకండి, రాత్రంతా గేర్ ఆయిల్‌లో నానబెట్టి, పిండి, అప్పుడు బిగించండి. ఒడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో గోళాలు కడిగి, ఆరాక చేత్తో పల్చగా గ్రీజు రాసి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు తిప్పండి. ప్రెషర్ పంపు ముక్కును మాత్రం సీలు అంచు మీదికి నేరుగా పెట్టనివ్వకండి, అది గెడ్డ కన్నా ఎక్కువ నీటిని లోపలికి తోస్తుంది. ఇసుకలోకి, తడి ఒడ్డులోకి బండి దించకపోతే ఈ బాధల్లో సగం ఉండవు. పక్కనే ఉన్న ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలే పోకండి, ఆ నేల చక్రాలకు ఉద్దేశించినది కాదు.

ప్రశ్న: యాక్సిల్‌కు ఇలా బలం చేకూర్చే వెల్డింగ్ చట్టానికి విరుద్ధమా? (ఇద్దరు పాఠకులు, విశాఖపట్నం)

జవాబు: 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని చెబుతుంది. యాక్సిల్ మార్చడం, చక్రాల నడుమ దూరం మార్చడం, ఎత్తు పెంచడం ఆ పరిధిలోకి వచ్చే పనులు. మరమ్మతుగా చేసిన బలోపేతం అందులోకి వస్తుందా రాదా అన్నది మీ బండిని చూసి చెప్పవలసిన మాట కనుక, పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. పనికి ముందూ తర్వాతా ఫొటోలు, రసీదులు దాచుకోండి.

ప్రశ్న: ట్రస్, సీళ్ళు అన్నీ చేయించి బండి తెచ్చుకున్నాను. ఇప్పుడు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి? (ఒక పాఠకుడు, కంచరపాలెం)

జవాబు: మొదటి వంద కిలోమీటర్లు తిరిగి వచ్చాక యు-బోల్టులను మళ్ళీ బిగించండి, కొత్త వెల్డు పక్కన రంగు పెచ్చు లేచిందేమో చూడండి. రంగు కింద పగులుంటే ముందు కనబడేది సన్నటి తుప్పు గీత. ఆ కారణంగానే ట్రస్‌కు నల్ల రంగు కాకుండా లేత బూడిద రంగు వేయించమని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెబుతాను. గోళాల కింద గ్యారేజీ నేల మీద రాత్రి ఒక పాత వార్తాపత్రిక పరచి, ఉదయం దాని మీద మరక ఉందేమో చూడండి. కొత్త ఫెల్టు నుంచి మొదటి వారం కొద్దిగా ఆయిల్ చెమ్మ రావడం మామూలే, రెండో వారంలోనూ వస్తుంటే బ్రీదర్ గొట్టం ఎక్కడైనా నలిగిందేమో ముందు చూసి, తర్వాతే విప్పించండి.